పదకొండు దినాల దాహం

నా భార్యకు పురుడొచ్చాక పదకొండు దినాలు తాగడానికి నీళ్లివ్వలేదు. పొద్దున మూడు గుక్కలు, పొద్దుగూకే వేళ మూడు గుక్కలు, అంతే. అదీ నిండు ఎండాకాలంలో. పన్నెండో నాటికి ఆమె రొమ్ముల్లో పాలు లేవు. పదిహేడో నాడు మా బిడ్డ పోయింది. నీళ్లివ్వనిది పగవాళ్లెవరో కాదు, నన్ను పెంచిన మా అక్క.

ఇది తప్పని అప్పుడన్నాను, ఇప్పుడూ అంటాను. ఇంత వయసొచ్చాక ఇంకా ఆ మాటలెందుకని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. నాకు వయసొస్తే జరిగిన తప్పు ఒప్పయిపోతుందా?

అప్పట్లో మేము ఉప్పల్లో కిరాయికి ఉండేవాళ్లం. ఒకటే గది, పైన సిమెంటు రేకులు, ముందు చిన్న వసారా, నాలుగు కిరాయి ఇళ్లకూ కలిపి ఒక చేదబావి. నాచారంలో కార్ఖానాలు ఒక్కొక్కటే లేస్తున్న రోజులవి. బోల్టులు చేసే ఒక కార్ఖానాలో నాకు మిషను మీద పని. పొద్దున్నే సైకిలు మీద పోయి సాయంత్రానికి వచ్చేవాణ్ని. నా భార్యకు తల్లి లేదు. తొలికాన్పు పుట్టింట్లో చేయాలంటే ఆ ఇంట్లో ఆడదిక్కే లేదు. అందుకే నేను కీసర అవతలి పల్లెకు పోయి మా అక్కను తీసుకొచ్చాను.

అక్క అంటే నాకు అక్క మాత్రమే కాదు. నాకు రెండేళ్లప్పుడు మా అమ్మ పోతే, అక్క నన్ను చంకనేసుకుని అత్తగారింటికి కాపురానికి పోయింది. తమ్ముణ్ని వెంటబెట్టుకొచ్చిందని అక్కడ ఆమె పడ్డ మాటలు నేను పెద్దయ్యాక విన్నాను. నేను బడికి పోలేదు. పొట్లాలు కట్టిన కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకుంటుంటే, అంగడికి పోయినప్పుడల్లా అచ్చు కాగితాలు ఏరుకొచ్చి ఇచ్చింది అక్కే. కాబట్టి ఆమె మాటకు నా దగ్గర ఎదురు లేదు. అదే కొంప ముంచింది.

పాత బియ్యం, వెల్లుల్లి, వాము, మెత్తని పాత చీరలు చింపి కుట్టిన బొంతలు, అన్నీ మూటగట్టుకుని వచ్చింది. మంత్రసాని వచ్చిన రోజున నేను వసారాలో కూర్చున్నాను. లోపల బిడ్డ ఏడుపు వినిపించింది. గట్టి ఏడుపు. పక్కింటివాళ్లు కూడా విని నవ్వారు. అక్క తలుపు సందులోంచి తొంగి చూసి, "ఆడివిల్ల తమ్మి. ముక్కు మనమ్మదే," అంది. అమ్మ ముక్కు ఎలా ఉండేదో నాకు తెలియదు. ఆ తలుపు సందులోంచే చూడాలని మెడ చాచాను. "గంత ఆత్రమేంది, నీ బిడ్డ యాడికీ వోదు," అని తలుపు మూసింది.

పురుడు వెళ్లేదాకా, అంటే పదకొండో నాడు స్నానమయ్యేదాకా, మగవాడు ఆ గదిలోకి పోగూడదు. కిటికీ రెక్కలు మూసి పెట్టారు. నులకమంచం కింద బొగ్గుల కుంపటి. వెల్లుల్లి కారంతో అన్నం. బాలింత ఒళ్లు పచ్చిగా ఉంటుంది, దాన్ని ఆరబెట్టాలి అన్నది లెక్క. పాత పద్ధతులన్నీ గొప్పవని ఈమధ్య కొందరు పుస్తకాలు రాస్తున్నారు. ఆ రాసేవాళ్లను వైశాఖంలో రేకుల కింద, కుంపటి మీద, నోట్లో తడి లేకుండా ఒక్క దినం పడుకోమనండి. తర్వాత రాయమనండి.

ఆరో నాడు పనికి బయల్దేరుతుంటే కిటికీ లోపలినుంచి నా భార్య పిలిచింది.

"ఇగో, ఇన్నవా?"

"ఏందే?"

"జర నీళ్లియ్యవా? గుక్కెడు. నాలుక అంగిట్ల అంటుకపోతుంది."

పొయ్యి దగ్గరున్న అక్క తల తిప్పింది. "ఏమంటుంది తమ్మి?"

"నీళ్లంట అక్కా."

"ఇంకేమన్న అడుగుమను. పాసెమడుగుమను, పురుడెల్లంగనే వండుత. నీళ్లు మాత్రం అడగొద్దు."

"ఎండలు మస్తున్నయి గద."

"నీకేమెర్క? పచ్చి కడుపు. నీళ్లు వడితే ఉబ్బుతది, సన్ని జెరం గొడ్తది. తల్లీ వోతది, బిడ్డా వోతది. పిల్లల్ని నువ్వు గన్నవా, నేను గన్ననా?"

నేను నవ్వాను. నిజంగానే నవ్వాను. కిటికీ దగ్గరికి పోయి, "అక్క చెప్పినట్టు ఇను. ఇంక ఐదు దినాలే గద," అన్నాను.

లోపలినుంచి, "అవు, నీకు ఐదు దినాలే," అంది.

నేను సైకిలెక్కి నాచారం పోయాను. కార్ఖానా గేటు పక్కన చింతచెట్టు నీడలో నీళ్ల రంజను ఉండేది. చెమట పట్టిన ఒంటితో పోయి, ముంచుకుని ముంచుకుని తాగాను. ఆ నీళ్లు గొంతు దిగుతుంటే నాకు కిటికీ గుర్తు రాలేదు. ఇది రాయకుండా వదిలేయొచ్చు. కానీ అక్క తప్పు రాసినవాణ్ని, నాది దాచుకుంటే ఎలా?

బిడ్డ ఏడుపు రోజురోజుకూ సన్నబడింది. తర్వాత తగ్గిపోయింది. అక్క సంతోషపడింది. "ఎంత మంచి పిల్ల తమ్మి! ఏడ్వనే ఏడ్వది. బట్టలు గూడ తడపది. నా పిల్లలకు దినానికి ఇరవై బట్టలు ఉతికేదాన్ని, దీనికి రెండే," అని మెచ్చుకుంది. నేను ఆ మాట మోసుకుపోయి కార్ఖానాలో చెప్పుకున్నాను. మా బిడ్డ బట్టలు కూడా తడపదని, తల్లిని సతాయించదని. పక్క మిషను మనిషి, "అదృష్టమంతుడివన్నా," అన్నాడు. ఎండిపోతున్న బిడ్డను చూసి అందరమూ అదృష్టమనుకున్నాం.

పదకొండో నాడు స్నానమైంది. గదిలోకి పోయాను. నా భార్య పెదవులు పగిలి రక్తపు చారలు కట్టి ఉన్నాయి. కళ్లు లోపలికి పోయాయి. బిడ్డను ఎత్తుకుంటే మొదటిరోజు విన్న ఏడుపుకూ ఆ బరువుకూ పొంతన లేదు. "బాలింత గట్లనే ఉంటది," అంది అక్క.

మర్నాడు నేను పనికి బయల్దేరకముందే సర్కారు దవాఖానా నర్సమ్మ పుట్టిన పిల్లల పేర్లు రాసుకోవడానికి ఇంటింటికీ తిరుగుతూ మా వసారా ఎక్కింది. బిడ్డను ఒళ్లో వేసుకుని నడినెత్తి తడిమింది. పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో పట్టి వదిలింది. అది మడత పడి అలాగే ఉండిపోయింది.

"ఒంటికి ఎన్నిసార్లు పోస్తుంది?"

"ఒకసారి, లేకుంటే రెండుసార్లు," అంది అక్క గర్వంగా. "బంగారు తల్లి."

"ఏం బంగారం? మాడు గుంటవడ్డది, సూస్తలేవా? తల్లికేం తాపిస్తున్రు?"

"మూడు గుక్కల వాము నీళ్లు. రెండు పూటల."

నర్సమ్మ మా ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. ఆమెకు కోపం కూడా రాలేదు. "మరి పాలు యాడికెల్లి వస్తయమ్మా? గోడలకెల్లి వస్తయా?" అని, తానే లేచి పోయి కుండలోంచి చెంబెడు ముంచి నా భార్య చేతికిచ్చింది. ఆమె రెండు చేతులతో పట్టుకుని ఆగకుండా తాగింది. ఆ గుటకల చప్పుడు నాకిప్పటికీ చెవుల్లో ఉంది. అక్క గోడకేసి తిరిగి నిలబడింది. పెదవులు కదులుతున్నాయి, ఏదో దేవుణ్ని మొక్కుతోంది.

నర్సమ్మ చీటీ రాసిచ్చింది. పట్నంలో పెద్ద దవాఖానాకు తీసుకుపోయాం. వాళ్లు చేయగలిగిందల్లా చేశారు. నేను కార్ఖానాకు పోలేదు. రెండో రోజు నుంచి నా భార్యకు పాలు పడసాగాయి. కానీ బిడ్డకు చీకే బలం లేదు. ఉగ్గుగిన్నెలోకి పిండి చుక్క చుక్కగా పెదవుల మధ్య పోసేవాళ్లం. రెండు చుక్కలు మింగితే నాలుగు చుక్కలు చెంపల మీదికి జారేవి. పదిహేడో నాడు, మిట్టమధ్యాహ్నం, బిడ్డ మా అక్క ఒళ్లోనే పోయింది. పోయిందని తెలిశాక కూడా అక్క చాలాసేపు తొడలూపుతూనే ఉంది.

నీళ్లు లేకే పోయిందని ఏ డాక్టరూ రాసివ్వలేదు. "ఇంకేదన్న జబ్బు గూడ ఉండొచ్చు, ఇంత చిన్న ప్రాణం, చెప్పలేం," అన్నాడు అక్కడి డాక్టరు. ఆ మాట నేను చాలా ఏళ్లు వినలేదు. చెవిన పడ్డా వినలేదు.

ఉప్పల్ చెరువు అవతల బిడ్డను మట్టిచేసి వచ్చాం. మర్నాడు పొద్దున నా భార్య రవిక ముందంతా తడిసి ఉంది. అప్పుడు వచ్చాయి పాలు, ధారగా. తాగే నోరు లేనప్పుడు. నొప్పికి ఆమె గోడకు తల కొట్టుకుంటుంటే, అక్క బయటికి పోయి దోసెడు మల్లెపూలు తెచ్చింది. మల్లెలు రొమ్ములకు కడితే పాలు ఇంకిపోతాయి. అక్క గుడ్డలో పూలు పేర్చి కడుతుండగా నేను చూశాను. ఏమైందో తెలియదు, ఆ పూల వాసనకు నాకు పిచ్చెక్కింది. గుడ్డ లాగి వాకిట్లోకి విసిరేశాను.

"ఇగ నా ఇంట్ల ఏం ముట్టకు. నా బిడ్డను సంపినవ్. ఇంకా ఏం చేస్తవ్?"

నాలుగు కిరాయి ఇళ్లవాళ్లూ బయటికొచ్చారు. అక్క వాకిట్లో పడ్డ పూలు ఏరి, మళ్లీ గుడ్డలో పేర్చి, నా భార్య ఛాతీకి కట్టి, తన మూట తీసుకుని వెళ్లిపోయింది. బస్సు దాకా నేను పోలేదు.

నా భార్యకు మా అక్క మీద లేని కోపం నాకుండేది. "గట్లనంటరా ఆడిమనిషిని?" అనేది. "నా ముందట ఆమె ఒక్కనాడు నీళ్లు తాగలే. నేను సూస్తనని బాయికాడికి వోయి తాగొచ్చేది. తెల్వక చేసింది." నేను వినలేదు. దవాఖానాలో ఇచ్చిన చిన్న పుస్తకం ఒకటి తెచ్చుకుని కూడబలుక్కుని చదివాను. బాలింత ఎక్కువ నీళ్లు తాగాలని అందులో ఉంది. ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీశాను. తర్వాత మాకు ఇద్దరు మగపిల్లలు పుట్టారు. రెండుసార్లూ మంచం పక్కన చెంబు నింపి పెట్టింది నేనే. అక్కను పిలవలేదు.

కానీ ఉత్తరం రాశాను. బిడ్డ పోయిన తిథికి ఏటా ఒక కార్డు. 'నా భార్యకు నీళ్లెందుకివ్వలేదు? నా బిడ్డను ఎందుకు చంపావు? జవాబు రాయి.' కుదురైన అక్షరాలతో రాసేవాణ్ని. సొంతంగా నేర్చుకున్న చదువు కదా, నాకు గర్వం. ఆరేళ్లు రాశాను. జవాబు రాలేదు. రాకపోయేసరికి తప్పు ఒప్పుకోలేక దాక్కుంటోందని ఇంకా మండిపడ్డాను.

ఆరో కార్డు తర్వాత మా బావ, అక్క భర్త, కార్ఖానా గేటు దగ్గరికి వచ్చాడు. కార్డులన్నీ దారంతో కట్టి తెచ్చాడు.

"ఏం బామ్మర్ది, మస్తు సదువుకున్నవట."

"ఏంది బావా?"

"మీ అక్కకు అచ్చరం ముక్క రాదు, నీకెర్కలేదా? కార్డొస్తే ఎవలు సదువుతరు? టప్పాలోడు సదువుతడు. యాడ సదువుతడు? అరుగు మీద. ఊరంత కూసుంటది. ఆరేండ్లసంది ఏడాదికోపారి ఊరందరి ముందట మీ అక్క పిల్లను సంపిన ముచ్చట సదివిపిస్తున్నవ్. ఆమె కొంగు నోట్ల వెట్టుకొని నిలవడి ఇంటది. శబాష్!"

కార్డుల కట్ట నా చేతిలో పెట్టి పోయాడు. రంజను దగ్గర నిలబడి పై కార్డు చూశాను. నా అక్షరాలే. ఆమె ఏరుకొచ్చిన కాగితాల మీద నేర్చుకున్న అక్షరాలు. వాటిని అరుగు మీద ఎవరో గట్టిగా చదివే గొంతు ఎలా ఉంటుందో ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఊహించలేదు.

వచ్చిన ఆదివారం పోయాను. కీసరలో బస్సు దిగి నడిచాను. అక్క వాకిట్లో చాటలో కందులు చెరుగుతోంది. జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి చాట కింద పెట్టింది. క్షమించమని అడగాలనే పోయాను. కానీ నోటికొచ్చింది మళ్లీ అదే ప్రశ్న. అరవకుండా అడిగాను, అంతే తేడా.

"ఎందుకియ్యలే అక్కా?"

బావను బర్రెల దగ్గరికి పంపింది. ఆయన కనుమరుగయ్యేదాకా ఆగింది. తర్వాత నా మొహం చూడకుండా, చాటలోని కందుల్ని వేళ్లతో కదుపుతూ చెప్పింది.

"నా తొలుసూరు బిడ్డ నీకు యాదికుండదు తమ్మి, నువ్వు అప్పటికి మూడేండ్లోనివి. మా అత్త నాకు నీళ్లియ్యలే. మూడు దినాలు ఓర్చుకున్న. నాలుగోనాడు ఎవ్వలు లేంది సూసి గొడ్ల తొట్ల మూతి వెట్టి తాగిన. కడుపు నిండ తాగిన. తెల్లారి బిడ్డ వాయె. నేను నీళ్లు తాగినందుకే వాయె అనుకున్న. ఇగ ఎవ్వలకు చెప్పలే, మీ బావకు గూడ చెప్పలే. తర్వాత నలుగురిని గన్న, ఒక్కపారి గూడ ముట్టలే, నలుగురూ బతికిన్రు. నీ పెండ్లానికి నా గతి రావద్దనుకున్న. గిది గా టప్పాలోనితోని ఎట్ల రాపియ్యాలె? ఇప్పుడు నువ్వే చెప్పు, సదువుకున్నోనివి. నా బిడ్డ నేను నీళ్లు తాగినందుకు వాయె. నీ బిడ్డ తల్లి నీళ్లు తాగనందుకు వాయె. ఏది నిజం తమ్మి?"