పౌరుల గిన్నె

రైసా తిఖోనోవ్నాను నివాసుల మండలి నుంచి తొలగించిన ఉత్తర్వు, దానిమీద ఆమె వేసిన దావా, చివరికి వెలువడిన తీర్పు, ఈ మూడింటినీ నా బల్ల సొరుగులో భద్రపరిచాను. ఆ కాగితాలకు ఎక్కనిది సూప్ సంగతి ఒక్కటే.

ఆమె దౌగవ నది ఒడ్డున మా పేటలోనే పుట్టింది. నేత మిల్లులో మగ్గాలు బాగుచేసేది. మిల్లు మూతపడ్డాక నేను పాఠాలు చెప్పే బడి వంటశాలలో చేరింది. తండ్రి రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రష్యా నుంచి వచ్చినవాడు కనుక, లాత్వియా మళ్లీ స్వతంత్రమైనప్పుడు ఆమెకు పౌరసత్వం దక్కలేదు. "పౌరురాలు కాని నివాసి" అన్న పాస్‌పోర్టు దక్కింది. పరీక్ష రాసి పౌరసత్వం తీసుకోమని నేనూ చెప్పి చూశాను.

"పుట్టిన ఇంట్లోకి రావడానికి పరీక్షేంటి మాస్టారూ? మీరు రాశారా?" అంది.

నేను రాయలేదు.

ఏటా వసంతంలో పేటంతా కలిసి వీధులూ నది ఒడ్డూ శుభ్రం చేసే రోజును మేము తాల్కా అంటాం. ఆ రోజు అందరికీ సూప్ వండిపెట్టేది ఆమే. అందుచేత నివాసుల మండలికి ఎన్నిక జరిగినప్పుడు అందరికన్నా ఎక్కువ ఓట్లు ఆమెకే పడ్డాయి. రెండో స్థానంలో నిలిచిన రొట్టెల దుకాణం యజమాని విల్నిస్ స్ప్రోగిస్, మండలి సభ్యులు పౌరులై ఉండాలన్న పురపాలక నిబంధనను వెతికి పట్టుకుని తానే అధ్యక్షుడయ్యాడు. మొదటి సమావేశం రోజున గుమ్మంలోనే ఆమెను ఆపాడు.

"ఏమనుకోకండి రైసా గారూ, రూలు అలా ఉంది. మీరొచ్చి వెనక బెంచీ మీద కూర్చోండి, ఎవరొద్దన్నారు?"

"కూర్చోవడానికి మా ఇంట్లో కుర్చీ ఉంది నాయనా."

"అబ్బ, అంత పట్టింపెందుకండీ! మీ వంటంటే మా అందరికీ ఇష్టమేగా!"

లోపల ఎవరో నవ్వారు. ఆ నవ్వే దావాకు పునాది. ఆ సాయంత్రమే ఆమె మా ఇంటికి వచ్చింది.

"రాయండి మాస్టారూ. మర్యాదగానే రాయండి. కానీ వాడికి నొప్పెట్టాలి."

చలికాలమంతా విచారణ నడిచింది. మండలి సలహాలిచ్చే సంఘం మాత్రమేననీ, అందులో చోటు లేనందువల్ల ఆమెకు నష్టమేమీ లేదనీ పురపాలక సంఘం న్యాయవాది వాదించాడు. రైసా లేచి నిలబడింది.

"నష్టమే లేనిదైతే, ఆ సీటు నాకివ్వడానికి మీకేంటండీ నష్టం?"

అతను కాగితాలు తిరగేశాడు. మండలిని ఏర్పరచిన చట్టం "నివాసులు" అన్నదే తప్ప "పౌరులు" అనలేదనీ, ఆ మాటను కుదించే అధికారం పురపాలక సంఘానికి లేదనీ న్యాయమూర్తి తీర్పిచ్చింది. సీటు ఆమెదైంది.

మరుసటి వారమే తాల్కా. పని ముగించి వచ్చేసరికి బల్లమీద రెండు పెద్ద గిన్నెలున్నాయి. ఒకదానిపై "పౌరులు కానివారికి" అనీ, రెండోదానిపై "పౌరులకు" అనీ సుద్దముక్కతో రాసి ఉంది. చుక్కకూర, పందిమాంసం ఉడికిన వాసన ఒడ్డంతా కమ్ముకుంది.

"మాకు స్పెషల్ గిన్నె కూడానా! పాస్‌పోర్టు చూపించాలేమో!" అన్నాడు విల్నిస్ గరిటె అందుకుంటూ.

"చూపించండి."

అతను నవ్వుతూ తీసిచ్చాడు. ఆమె ఫొటోను చూసింది, ముఖాన్ని చూసింది, మళ్లీ ఫొటోను చూసింది. "సరిగ్గానే ఉంది. పోసుకోండి."

మూత తీశాడు. లోపల ఏమీ లేదు. గిన్నె అద్దంలా తోమి ఉంది.

"రూలు అలా ఉంది నాయనా. వెళ్లి వెనక బెంచీ మీద కూర్చోండి, ఎవరొద్దన్నారు?"

ఒడ్డంతా గొల్లున నవ్వింది. విల్నిస్ ముఖం కందిపోయింది. "కోర్టులో గెలిచారు కదండీ! ఇంకా ఎందుకీ కక్ష?"

"ఆ తీర్పు కోర్టుది. ఇది నాది."

తర్వాత నేను నా పళ్లెం చాపాను. ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. "మీదీ ఆ గిన్నే మాస్టారూ."

నేను వెళ్లి బెంచీ మీద విల్నిస్ పక్కన కూర్చున్నాను.

"దావా రాసిపెట్టింది మీరే కదా, మీక్కూడానా?" అన్నాడు.

"నేనూ పౌరుణ్ణే."

"సోమవారం మీటింగులో ఆవిడ నా పక్క కుర్చీలోనే కూర్చుంటుంది," అన్నాడతను సన్నగా.

"అవును," అన్నాను. బాగా ఆకలి వేస్తోంది. అయినా లేచి ఇంటికి వెళ్లాలనిపించలేదు.