సంతకాల పుస్తకంలో లేని చదువరులు

నేను పదో తరగతి తప్పినదాన్ని. ఈ మాట ముందే చెప్పేస్తే, తర్వాత నేను చెప్పుకునే గొప్పలకు కొంచెం విలువ ఉంటుందని ఆశ. లాల్‌దర్వాజాలో మేం అద్దెకుంటున్న ఇంటికి నాలుగిళ్ల అవతల, ఒక పాత ఇంటి కింది భాగంలో, రెండు గదుల ప్రభుత్వ గ్రంథాలయం ఉండేది. పెళ్లయి ఆ గల్లీలోకి వచ్చిన రెండో ఏడు నుంచి అక్కడికి వెళ్లడం మొదలుపెట్టాను. మా ఆయన కంచన్‌బాగ్‌లో ఫ్యాక్టరీ డ్యూటీకి వెళ్లాక, నేను బ్లౌజులు కుట్టడానికి కూర్చునే ముందు ఒక గంట, సాయంత్రం వీలు చిక్కితే ఇంకో గంట. ముందు నవలలన్నీ అయిపోయాయి. తర్వాత చరిత్ర, ఆ తర్వాత వైద్యం, చివరికి పై అరలో దుమ్ము పట్టిన పురపాలక చట్టం దాకా వచ్చాను. చట్టాన్ని నవలలా మొదటి నుంచి చివరి దాకా చదివిన మనిషి మా గల్లీలో నేనొక్కదాన్నే అని ఇప్పటికీ నా నమ్మకం.

ఆ చదువే నన్ను మా కార్పొరేటర్ గుమ్మం ముందు నిలబెట్టింది.

పక్కింటి ముసలామె పింఛను ఆగిపోయింది. ఆమె తరఫున నాలుగు పేజీల అర్జీ రాశాను. ఏ నియమం ప్రకారం ఆపకూడదో, ఆపితే ముందు ఏం చేయాలో అన్నీ అందులో పెట్టాను. ఆమెను వెంటబెట్టుకొని వెళ్లాను. ఆయన ఇంటి ముందు అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. నాలుగు పేజీలూ తిప్పి చూసి, నా ముఖం చూశారు.

"ఇంత రాసినవ్ గని చెల్లె, గీమెకు ఏం గావాలె? ఒక్క ముక్కల జెప్పు."

"ఆగిన పింఛను మళ్ల రావాలె అన్నా."

ఆ ఒక్క ముక్కనే చిన్న చీటీ మీద రాసుకొని చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఆయన పని తీరు అదే. ఎవరు ఏం అడిగినా ఒక చీటీ. పని కాకపోతే రాత్రి విడిచిన చొక్కాలోంచి ఆ చీటీ మర్నాటి చొక్కాలోకి మారుతుంది. పని అయితే, అడిగినవాళ్లే వచ్చి తమ చేతులతో చింపాలి. ఆయన చింపరు. ముసలామె నెలన్నర తర్వాత వెళ్లి చింపి వచ్చింది. ఆ ముక్కలు కొంగున ముడేసుకొని తెచ్చి నాకు చూపించింది.

అప్పటినుంచి వారంలో మూడు పొద్దుటి పూటలు ఆయన అరుగు మీద కూర్చుని అర్జీలు రాశాను. జీతం లేదు, నేను అడగలేదు. నాకు కావలసింది వేరే ఉంది. నా చదువు పనికి వచ్చే చోటు ఒకటి కావాలి, అది దొరికింది.

ఆయన గురించి కొంచెం చెప్పాలి. సైకిల్ దుకాణంలో పంక్చర్లు వేస్తూ మొదలైన మనిషి. మొదటిసారి నిలబడి ఓడిపోయారు. రెండోసారి గెలిచాక ఇక వెనక్కి చూసింది లేదు. ఒకసారి మా డివిజన్ ఆడవాళ్లకు రిజర్వ్ అయితే వాళ్లావిడ నిలబడి గెలిచింది. అరుగు మీద రెండు కుర్చీలు పడ్డాయి. ఆ అయిదేళ్లలో ఆమె నేర్చుకున్న పని తక్కువేం కాదు. డ్రైనేజీ ఇంజనీరుకు ఫోన్ చేయాలంటే ఇప్పటికీ ఆయన ఫోన్ ఆమె చేతికే ఇస్తారు.

గణపతి పండుగకు రెండు నెలల ముందే ఆయన ధూల్‌పేట్ వెళ్లి, మా గల్లీల కుర్రాళ్లు చేయమని చెప్పిన విగ్రహాల ఎత్తు కనుక్కొని వచ్చేవారు. తర్వాత లైన్‌మన్‌ను తోడు తీసుకొని, ఒక పొడుగు వెదురు కర్రతో గల్లీ గల్లీ తిరిగి కరెంటు తీగలు కొలిచేవారు. ఎత్తు కుదరకపోతే కుర్రాళ్లతో లొల్లి. ఆయన వాదన ఒక్కటే: "దేవుడు చిన్నగున్నా దేవుడే. వైరు మాత్రం వైరే." కర్ఫ్యూ రోజుల్లో రెండు మతాల గల్లీలకూ పాల డబ్బాలు మోసిన సంగతి నేను చూడలేదు, విన్నాను. చూసినవాళ్లు రెండు వైపులా ఇంకా ఉన్నారు. కోపం మాత్రం మస్తు. మా వెనక నాలా వెడల్పు చేయిస్తానన్న మాట ఇంకా చొక్కాలు మారుతూనే ఉంది. అది కూడా రాయకపోతే నేను చదివిన చరిత్ర పుస్తకాలకు అర్థం లేదు.

మూడేళ్ల కింద గ్రంథాలయం ఉన్న ఇంటి యజమాని ఆ ఇల్లు అమ్మకానికి పెట్టాడు. గ్రంథాలయాన్ని ఎత్తేసి, పుస్తకాలను మెయిన్ రోడ్డు అవతల ఉన్న ఇంకో శాఖలో కలుపుతారని నోటీసు అంటించారు. నోటీసు చదివి ఇంటికి వచ్చి మిషన్ ముందు కూర్చున్నాను గానీ, ఆ పూట ఒక్క బ్లౌజు చెయ్యి కూడా అతకలేదు. రోడ్డు అవతల అంటే దూరమేం కాదని మా ఆయన అన్నాడు. మగవాళ్లకు కాదు. మాకు గ్రంథాలయం అంటే పొయ్యి మీద పప్పు పెట్టి, మంట తగ్గించి, వెళ్లి వచ్చేంత దూరంలో ఉండే చోటు. రెండు సిగ్నళ్లు దాటి బస్సు కోసం నిలబడితే అది ప్రయాణం. ప్రయాణానికి ఇంట్లో కారణం చెప్పాలి. చదువుకోవడానికి అని చెబితే మా గల్లీలో ఎన్ని ఇళ్లు ఒప్పుకుంటాయో నాకు తెలుసు. అది పోతే నా బడి పోయినట్టే.

ఆరు పేజీల అర్జీ రాశాను. గల్లీ అంతా తిరిగి సంతకాలు పెట్టించాను. ఆయన ఎప్పటిలాగే ఒక్క ముక్క అడిగారు. "లైబ్రరీ పోవద్దు" అన్నాను. చీటీ జేబులోకి వెళ్లింది. మూడో రోజు నన్నూ వెంటబెట్టుకొని గ్రంథాలయాల అధికారి దగ్గరికి వెళ్లారు.

ఆ అధికారి మర్యాదస్థుడు. మంచినీళ్లు ఇప్పించి, ఫైలు తెరిచి మా ముందుకు తిప్పాడు. గ్రంథాలయానికి వచ్చినవాళ్లు సంతకం చేసే పుస్తకం లెక్క అందులో ఉంది. రోజుకు పదిమంది కూడా లేరు. అందరూ పేపర్ చదివే మగవాళ్లే. "ఆడవాళ్లు వస్తారంటున్నారు కదమ్మా, ఒక్క పేరైనా చూపించండి" అన్నాడు. పేజీలు తిప్పాను. నా పేరు కూడా లేదు.

ఎలా ఉంటుంది? ఆ పుస్తకం ముందు గదిలో, పేపర్ల బల్ల మీద, మగవాళ్ల మధ్య ఉండేది. మేం పక్క గుమ్మంలోంచి వెనక గదిలోకి వెళ్లేవాళ్లం. ముందుకు వెళ్లి, వాళ్ల భుజాల మీదుగా వంగి సంతకం చేయడం ఎవరికీ ఇష్టం ఉండేది కాదు. లైబ్రేరియన్ పెద్దమనిషి. ఆడవాళ్లను ఇబ్బంది పెట్టకూడదని ఎప్పుడూ అడగలేదు. ఇంటికి పుస్తకాలు తెచ్చుకునే కార్డులు కూడా భర్తల పేర్ల మీదే ఉన్నాయి. కాగితాల ప్రకారం మా గల్లీలో అందరికంటే గొప్ప చదువరి మా ఆయన. ఆయన జీవితంలో పూర్తిగా చదివింది ప్రెషర్ కుక్కర్‌తో వచ్చిన కాగితం ఒక్కటే.

తిరుగు దారిలో ఆటో అలియాబాద్ దాటాక కార్పొరేటర్ నవ్వారు.

"చట్టం గిట్ట చదివినవ్. నీ పేరు నువ్వు రాస్కోలేదా చెల్లె?"

నా జీవితంలో ఎవరూ నన్ను అంతగా సిగ్గుపడేలా చేయలేదు. కాసేపటికి తేరుకొని, పైన ఎవరికైనా ఫోన్ చేయమని అడిగాను. ఇన్నేళ్ల కార్పొరేటర్, ఆయన మాట ఎవరు కాదంటారు.

"ఫోన్ జేస్తే ఒక నెల ఆగుతది. తర్వాత నేను గెలుస్తనో లేదో. కాగితం మీద లెక్క మారితే మొత్తానికే ఆగుతది. ఫికర్ జెయ్యకు, మూడు నెలల టైం అడిగిన."

మర్నాడే తన పొద్దుటి కుర్చీని ఇంటి అరుగు నుంచి గ్రంథాలయం వరండాలోకి మార్చారు. ఏ పని మీద వచ్చినవాళ్లయినా తమ వంతు వచ్చేదాకా లోపల కూర్చుని చదవాలి, చదివినాక సంతకం చేయాలి. ఇది నాకు నచ్చలేదు. ఉత్తుత్తి సంతకాలతో నిలబడే గ్రంథాలయం నాకు వద్దని మొహం మీదే చెప్పాను. ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"గట్లయితే నువ్వే కావలి కూసో. చదవకుండ ఒక్కడు పెట్టినా కొట్టెయ్."

కూర్చున్నాను. మొదట కొట్టేసింది ఆయన ముఖ్య అనుచరుడి సంతకాన్నే. ఎన్నికల్లో జెండాలు కట్టించేది, మైకు పట్టుకునేది అతనే. కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకొని, పోతూ పోతూ సంతకం చేశాడు. నేను గీత కొట్టాను.

"అక్కా, నేను అన్న మనిషిని."

"తెలుసు. అందుకే నీకు రెండు పేజీలు ఎక్కువ."

బయట వరండాలో ఆయన దగ్గు వినిపించింది. అది దగ్గు కాదని మా ఇద్దరికీ తెలుసు. అనుచరుడు తిరిగొచ్చి కూర్చుని, ఒక వంటల పుస్తకం తీసి, గుత్తి వంకాయ దాకా చదివి, సంతకం చేసి వెళ్లాడు.

లైబ్రేరియన్‌ను అడిగి వెనక గదిలో ఇంకో సంతకాల పుస్తకం పెట్టించాను. మొదటి రోజు మా ఎదురింటి ఆమె, చీరలకు ఫాల్స్ కుట్టే మనిషి, పెన్ను పట్టుకొని ఆగిపోయింది. "మా ఆయన పేరు రాయాల్నా?" అని అడిగింది. "చదివింది ఎవరు?" అన్నాను. తన పేరు రాసింది, ఇంటి పేరుతో సహా, గీత దాటిపోయేంత పెద్దగా. చదవడం రాని ముసలివాళ్లకు నేను పేపర్ చదివి వినిపించేదాన్ని. విన్నవాళ్లను లెక్కలోకి తీసుకోవచ్చా అన్నది పెద్ద ప్రశ్న అయింది. లైబ్రేరియన్ ఒక పూటంతా ఆలోచించి, వినడం కూడా గ్రంథాలయాన్ని వాడుకోవడమే అని తేల్చారు. వేలిముద్రల కోసం ఇంకు ప్యాడ్ ఆయనే తెచ్చారు.

మూడో నెల చివర అధికారి చెప్పకుండా వచ్చాడు. పదకొండు గంటలకు వెనక గదిలో కూర్చోవడానికి చోటు లేదు. అతనికి అనుమానం రావడం సహజం. ఫాల్స్ కుట్టే ఆమె చేతిలోని నవల చూపించి, కథ ఏమిటో చెప్పమన్నాడు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. నాయికకు అత్తగారు చేసిన అన్యాయం దగ్గరికి వచ్చేసరికి గది మొత్తం ఆమెకు అందిస్తోంది. ఒకామె అత్తగారి పక్షం కూడా తీసుకుంది. అధికారి గడియారం చూసుకొని చాలమ్మా అన్నాడు. ఆ సేపంతా కార్పొరేటర్ గల్లీ మొదట్లో నిలబడి మురుగు మోరీ మూత సంగతి మాట్లాడుతున్నారు. లోపలికి రాలేదు. ఎందుకు రాలేదో ఆ రోజే అర్థమైంది. ఆయన వస్తే అది ఆయన గ్రంథాలయం అయ్యేది.

శాఖ ఉంచుతామని అధికారి ఒప్పుకున్నాడు. అయితే ఇల్లు అప్పటికే అమ్ముడుపోయింది, ఈ డివిజన్‌లోనే చోటు చూపించమన్నాడు. నేను వెతికిన ఇళ్లలో ఒక్కటీ శాఖ ఇచ్చే అద్దెకు దొరకలేదు. వారం గడిచాక కార్పొరేటర్ కమ్యూనిటీ హాల్ పైగది తాళంచెవులు తెచ్చి లైబ్రేరియన్ చేతిలో పెట్టారు. ఆ హాల్ ఆయనే కట్టించింది. పైగదిలో ఏళ్ల తరబడి పార్టీ మీటింగులు జరిగేవి. జెండాలు, కుర్చీలు, పాత బ్యానర్లు అన్నీ అక్కడే. అనుచరులకు నచ్చలేదు. ఎన్నికలు దగ్గరకొస్తుంటే ఆఫీసు గదిని ఇచ్చేయడం ఏమిటని వంటల పుస్తకం చదివిన అతనే అందరి ముందూ అడిగాడు.

"మన మీటింగులు ఏడ పెట్టాలె అన్నా?"

"రోడ్డు మీద. మొదటిసారి ఏడ గెలిచినం?"

మర్నాడు జెండాలు మోసింది అతనే.

పుస్తకాలు తరలించే రోజు వచ్చింది. మా గల్లీలోకి ట్రాలీ ఆటో రాదు. పాత ఇంటి గుమ్మం నుంచి హాల్ మెట్ల దాకా ఆడవాళ్లమే వరసగా నిలబడ్డాం. పుస్తకాలు చేతి నుంచి చేతికి వెళ్లాయి. పిలవకుండానే ఆయన వచ్చి, నాకూ ఫాల్స్ కుట్టే ఆమెకూ మధ్య నిలబడ్డారు. మోకాళ్ల నొప్పి ఉందని తెలిసి కుర్చీ వేయిస్తామంటే కసిరారు. వచ్చిన ప్రతి పుస్తకాన్నీ తిప్పి, అట్ట చూసి, నన్ను అడిగి, అప్పుడు అందించేవారు. వరస మొత్తం ఆయన దగ్గర ఆగిపోతోంది. వెనకవాళ్లు గోల పెట్టారు. ఆయన పట్టించుకోలేదు.

"ఇది చదివినవా?"

"చదివిన."

"ఇది?"

"రెండుసార్లు."

అలా ముప్పై నలభై పుస్తకాలు దాటాయి. ఒక లావు పుస్తకం వచ్చింది, సముద్ర యాత్రల చరిత్ర. పై అరలో ఎక్కడో వెనక ఉండి ఉంటుంది, నేనెప్పుడూ చూడలేదు. చదవలేదని ఒప్పుకున్నాను. ఆయన ముఖంలో ఎన్నిక గెలిచిన రోజు కూడా అంత సంతోషం చూడలేదు. ఆ పుస్తకాన్ని ముందుకు పంపకుండా నా చేతుల్లో పెట్టారు.

"ఇది పైకి పంపకు. ఇంటికి తీస్కపో."

"అట్ల కుదరదు అన్నా. ముందు కార్డు మీద రాయాలె."

"ఎవరి కార్డు?"

"నాదే. పోయిన వారమే చేయించిన."

ఆయన ఒక అడుగు జరిగి నా చోట్లో నిలబడ్డారు. నేను పుస్తకం పట్టుకొని, మెట్లెక్కి, లైబ్రేరియన్ బల్ల దగ్గరికి వెళ్లాను.