మూడున్నర పాల డబ్బాలు

మా ఊళ్లో ఖాళీ పాల డబ్బా ఎవరూ పారేసేవారు కాదు. తెచ్చి మా వసారాలో పెట్టి పోయేవారు. పొద్దున్నే తలుపు తీస్తే గాలన్ ప్లాస్టిక్ డబ్బాలు కాళ్లకడ్డం పడేవి. ఇరవై ఏళ్లు ఇదే గోల. కారు ఉండాల్సిన షెడ్డులో డబ్బాలుండేవి, కారేమో మంచులో నానుతూ ఉండేది. దీనికంతటికీ కారణం మా తమ్ముడు ఆర్వో.

బడి బస్సులు బాగుచేయడం వాడి ఉద్యోగం. పాత పాకెట్ పిస్తోళ్లు వాడి పిచ్చి. అరచేతిలో ఇమిడిపోయే బుల్లి పిస్తోళ్లు, వాటి గుండు బఠాణీ గింజంత. తాతలూ అవ్వలూ పోయాక బీరువాల్లో మేజోళ్ల కింద దొరుకుతాయి. ఇది పనిచేస్తుందా అని జనం వీడి దగ్గరికి పట్టుకొస్తారు. వాడు విప్పి, తుడిచి, నూనె వేసి, కంకర గొయ్యికి తీసుకెళ్తాడు. డబ్బాల్లో నీళ్లు నింపి వరసగా పెట్టి ఒక్క గుండు కాలుస్తాడు. అది ఎన్ని డబ్బాలు దూరిందో నీలం అట్ట నోటుబుక్కులో రాస్తాడు. జరిగింది రాస్తాడు, రాసింది చెబుతాడు. మొహమాటమనే వస్తువు మా అమ్మ వాడికి ఇవ్వడం మరిచిపోయింది.

రిటైరైన పోస్టుమాస్టరు హార్వీ ఒకసారి వాళ్ల నాన్న పిస్తోలు, దాంతోపాటు యాభై ఏళ్ల నాటి తూటాలు తెచ్చాడు. వీడు డబ్బాల ముందు ఒక ఉన్ని కోటు వేలాడదీసి కాల్చాడు. తూటాలో మందు ఎప్పుడో చచ్చిపోయింది. గుండు కోటుకి బొత్తాంలా అతుక్కుని ఆగిపోయింది.

"దొంగ వస్తే పిస్తోలే విసిరికొట్టండి హార్వీగారూ, అదే నయం," అన్నాడు మావాడు. పెద్దమనిషి రెండేళ్లు మాతో మాట్లాడలేదు.

ఇనుప సామాన్ల కొట్టు డ్వేన్ అయితే ప్రతి ఏడూ వాదనకొస్తాడు. ముక్కుకి గుంట ఉన్న కొత్తరకం గుండ్లు అమ్ముతాడు, అవి లోపలికి వెళ్లగానే పువ్వులా విచ్చుకుంటాయట. కాల్చి చూస్తే రెండో డబ్బాలోనే ఆగిపోతాయి. పాతకాలపు గుండ్రటి ముక్కుది మూడు దాటుతుంది.

"దానికున్న బలమే చారెడు," అని ఆర్వో ఓపిగ్గా చెబుతాడు. "ఆ చారెడూ విచ్చుకోడానికే ఖర్చుపెడితే ముందుకెళ్లడానికి ఏం మిగులుతుంది చెప్పు?"

ఇంత తెలిసినవాడికి పెళ్లి చేసుకోవడం మాత్రం తెలియలేదు. యాభై నాలుగేళ్లొచ్చాయి. రోజూ పొద్దున ఆరింటికి సెల్మా హోటల్లో కాఫీ తాగి బస్సుల షెడ్డుకి వెళ్లేవాడు. పదకొండేళ్లు అలా తాగాక, ఎనభై ఏడో సంవత్సరం మే నెలలో నోరు తెరిచి, మీ ఇంట్లో నా డబ్బాలకి చోటుంటుందా అని అడిగాడట. అది పెళ్లి మాట అని అర్థం చేసుకున్నందుకే సెల్మాకి దండం పెట్టాలి.

సెల్మా అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో వాళ్ల అమ్మమ్మ హన్నా పిస్తోలు, పక్కనే తూటాల పెట్టె. ఆ పిస్తోలు కథ తెలియనివాడు మా ఊళ్లో లేడు. ముప్ఫై నాలుగో సంవత్సరం వసంతంలో ఇంటి మీదికొచ్చిన ఎలుగుబంటిని హన్నా ఒక్క గుండుతో పడగొట్టింది. గడ్డి కూరిన ఆ ఎలుగు ఇప్పటికీ హోటలు మూల నిలబడి ఉంటుంది. ఆత్మరక్షణకే చంపిందని అడవి ఆఫీసరు రాసిచ్చిన కాగితం దాని నెత్తి మీద అద్దం కట్టి వేలాడుతుంది.

"నడివేసవి పండగ రోజు ఊరందరి ముందూ దీన్ని పరీక్ష చెయ్యి. ఆ తర్వాత నా మాట చెబుతాను," అంది సెల్మా.

ఆ సాయంత్రం మా వంటింటి బల్ల మీద వాడు పిస్తోలు విప్పాడు. గొట్టంలోకి చూశాడు. తూటాలు లెక్కపెట్టాడు, మళ్లీ లెక్కపెట్టాడు. పొయ్యి మీద కూర మాడుతున్నా నేను కదల్లేదు, వాడి మొహం అలా ఉంది.

"అక్కా, ఇది ఎలుగుబంటిని చంపలేదు."

"చూసొచ్చావా?"

"యాభై తూటాల పెట్టె. నలభై నాలుగు పెట్టెలో, ఆరు పిస్తోల్లో. ఒక్కటీ తగ్గలేదు. గొట్టం నిండా కంపెనీవాళ్లు పెట్టి పంపిన గ్రీజు అలాగే గడ్డకట్టి ఉంది. ఒక్కసారి పేల్చినా అది కొట్టుకుపోయేది."

ఆ హోటలు బతికేదే ఎలుగుబంటి మీద. ఆ అమ్మాయి గర్వమంతా ఆ అమ్మమ్మ. ఈ సత్యసంధుడు వెళ్లి ఆ ముక్క చెబితే పదకొండేళ్ల కాఫీ నేలపాలవుతుంది. అప్పుడు నాకొక ఉపాయం తట్టింది, చెప్పడానికి ఇప్పటికీ సిగ్గులేదు.

"ఒరేయ్, నువ్వు అబద్ధం ఆడొద్దు. గ్రీజు తుడిచి, పండగ రోజు కాల్చు. ఎన్ని డబ్బాలు దూరితే అన్నే చెప్పు. సాక్ష్యం పోతుంది, పెళ్లి నిలుస్తుంది. నిన్ను అడిగేదెవడు?"

"నోటుబుక్కు అడుగుతుంది," అన్నాడు. నెత్తిన ఒకటి మొట్టాలనిపించింది. మళ్లీ వాడే మెల్లగా, "అక్కా, ఆవిడ వద్దంటే నేను కాఫీ ఎక్కడ తాగాలి?" అన్నాడు. నేను వెళ్లి మాడిన కూర దింపాను.

పండగ రోజు కంకర గొయ్యి దగ్గర ఊరంతా పోగైంది. మాంసం కూరిన పేస్టీలు, బీరు, యాలకుల రొట్టె. సరస్సు ఒడ్డున పండగ మంటకి కట్టెలు పేర్చి ఉన్నాయి. ఆరు డబ్బాలు వరసలో నిలబడ్డాయి. ఆర్వో గురిపెట్టే చోటికి వెళ్లకుండా, రొట్టె కోస్తున్న సెల్మా దగ్గరికి నడిచాడు. పక్కనే ఉన్నాను కాబట్టి ప్రతి ముక్కా విన్నాను.

"సెల్మా, గ్రీజు తుడిచేలోగా నువ్వు ఒకసారి చూడాలి. తుడిచాక చూపించడానికి ఏమీ ఉండదు," అని పిస్తోలు విప్పి గొట్టం ఆమె చేతికిచ్చాడు. తూటాల లెక్క కూడా చెప్పాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. నేను రొట్టె వైపే చూస్తూ నిలబడ్డాను.

సెల్మా గొట్టాన్ని ఆకాశం వైపు ఎత్తి లోపలికి చూసింది. "తెలుసు," అంది.

మేమిద్దరం నోళ్లు వెళ్లబెట్టాం.

"చంపింది తాతయ్య, రైఫిలుతో. అప్పుడు వేట కాలం కాదు, చంపితే జరిమానా. ఆఫీసరొస్తే అమ్మమ్మ ఎప్రాన్ జేబులోంచి ఇది తీసి, మీద పడబోతే కాల్చానని చెప్పింది. ఆయన దీన్ని చూశాడు, ఎలుగుని చూశాడు, రెండు పళ్లేలు కూర తిన్నాడు, కాగితం రాసిచ్చి వెళ్లిపోయాడు. అమ్మమ్మ పోయేముందు నాతో చెప్పింది." గొట్టం వాడి చేతిలో పెట్టింది. "నీకంటే ముందు ఇద్దరు నన్ను అడిగారు. ఇద్దరికీ ఈ బిస్కెట్ల డబ్బా ఇచ్చాను. ఇద్దరికీ తుపాకులు తెలుసు. ఇద్దరూ, మీ అమ్మమ్మ చెయ్యే చెయ్యి అని పొగిడి తిరిగిచ్చారు. అలాంటివాడితో రోజూ ఒక బల్ల మీద ఎలా తినను? ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు కావాలి నాకు."

"అయితే కాఫీ పల్చగా ఉంటుంది," అన్నాడు ఆర్వో.

"ఏంటీ?"

"పదకొండేళ్లుగా పల్చగానే ఉంది."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"నువ్వడగలేదుగా."

నా తమ్ముణ్ణి ఆ గొయ్యిలోనే పాతిపెడదామనుకున్నాను. సెల్మా మాత్రం కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. నవ్వి, నవ్వి, చేతిలో కత్తి బల్ల మీద పెట్టి, "వెళ్లి కాల్చు. ఎలుగు సంగతి నేను చెప్పుకుంటాను," అంది.

ఆర్వో గొట్టంలో గ్రీజు తుడిచి గురిపెట్టాడు. మొదటి పాత తూటా పేలలేదు. ఆలస్యంగా పేలుతుందేమోనని పిస్తోలు గొయ్యి గట్టు వైపే పెట్టి వాడు అరవై దాకా లెక్కపెట్టి అప్పుడు దాన్ని తీశాడు. రెండోది ఠప్పుమంది. గుండు మూడు డబ్బాలు దూరి నాలుగోదాని లోపలికెళ్లి అడుగున పడి ఉంది. సెల్మా ఒక పెట్టె మీదికెక్కి జరిగిందంతా ఊరికి చెప్పేసింది. ఒక్కడు నమ్మితే ఒట్టు.

"మూడున్నర డబ్బాలంటే మాటలా, హన్నా ఎలుగు కంట్లో కొట్టి ఉంటుంది," అన్నాడు డ్వేన్.

"ఆర్వో ఏదో నూరిపోశాడు ఆ పిల్లకి," అన్నాడు హార్వీ. "గవర్నమెంటు కాగితం అబద్ధం చెబుతుందా?"

ఎలుగు ఇప్పటికీ ఆ మూలే ఉంది. కాగితమూ ఉంది.

మర్నాడు పొద్దున ఆరింటికి నేనూ వాడితో వెళ్లాను, ఏమవుతుందోనని. సెల్మా కాఫీ వాడి ముందు పెట్టి ఎదురుగా నిలబడింది. వాడు ఒక గుక్క తాగాడు. ఇంకో గుక్క తాగాడు.

"ఇవాళ బాగుంది," అన్నాడు.

ఆ కాఫీని ఊరంతా ఏళ్ల తరబడి మెచ్చుకుంటూనే ఉంది. ఆ రెండు ముక్కలకి మాత్రం సెల్మా మొహం తిప్పుకుని ఎప్రాన్‌తో కళ్లొత్తుకుంది. తర్వాత నా వైపు తిరిగి, మొదటిసారి నన్ను "వదినా" అని పిలిచి, డబ్బాలు ఎప్పుడు పంపిస్తారని అడిగింది.

ఇవాళే అన్నాను. పంచదార కూడా అడిగాను, ఎందుకంటే ఆ కాఫీ విషంలా చేదుగా ఉంది.