‘పోటూపాటూ’ బొమ్మలు గీసిందెవరు?

ఉత్తరాలు రాశాను, ఫోన్లు చేశాను, విజయవాడ వెళ్లి ఒక ప్రచురణ సంస్థ ఆఫీసు వరండాలో కూర్చుని వచ్చాను. ఇంతవరకూ జవాబు లేదు. అందుకని ఈ సంగతి బొమ్మల కథలంటే ఇష్టపడే పాఠకుల ముందే పెడుతున్నాను.

బందరులో ఒక దినపత్రిక జిల్లా ఎడిషన్‌లో సబ్ ఎడిటర్‌గా, అంటే విలేఖరులు పంపిన వార్తలు దిద్దేవాడిగా, పనిచేశాను. బొమ్మల కథల మీద వ్యాసం రాస్తానంటే మా ఇన్‌చార్జి, “పిల్లల పేజీవాళ్లకి ఇవ్వవయ్యా” అన్నాడు. ఆ మాట నేను మర్చిపోలేదు. ఉద్యోగం చేస్తూనే సొంతంగా పత్రిక పెట్టింది అందుకే. సగం పేజీల్లో కామిక్స్, మిగతా సగంలో వాటి మీద వ్యాసాలు, గీసేవాళ్లతో ఇంటర్వ్యూలు.

అందులో ఎక్కువమంది చదివింది ‘పోటూపాటూ’, అంటే సముద్రపు ఆటుపోట్లు. హంసలదీవి దగ్గర చేపల వేటకి వెళ్లే ఒక కుటుంబం కథ. రాసింది నేను, గీసింది ఖాదర్‌గారు. ఆయన కలంకారీ అద్దకానికి చెక్క అచ్చులు చెక్కే మనిషి. పెన్సిల్ గీత మీద నల్లసిరా పెట్టి, మాటల బుడగలు ఖాళీగా వదిలేవారు. వాటిలో అక్షరాలు నేను నింపేవాణ్ణి. ఆయన అలల్లో ఉలి వాటం తెలిసిపోయేది. గీత లావుగా మొదలై ఒక్కసారిగా తెగేది.

పేజీ మూలన సంతకం పెట్టమని ప్రతిసారీ అడిగేవాణ్ణి.

“చీర కట్టుకున్నావిడ అచ్చు చెక్కినోడి పేరడుగుద్దా బావా?” అనేవారు.

“ఇది చీర కాదండీ, పత్రిక.”

“అయితే పేరు నువ్వే వేసుకో.”

అచ్చు మీద పేరు చెక్కుకోవడం వాళ్ల పనిలో లేదు. చెక్కితే అద్దినచోటల్లా పడి బట్ట పాడవుతుంది. అందువల్ల ప్రతి సంచిక మొదటి పేజీలో ఆయన పేరు నేనే వేశాను.

పత్రిక మూసేసినప్పుడు హక్కులు విజయవాడలోని ఆ పెద్ద ప్రచురణ సంస్థకి ఇచ్చాను. అందులో తగాదా లేదు. రిటైరయ్యాక గుడివాడ పుస్తక ప్రదర్శనలో వాళ్లు వేసిన పాత కామిక్స్ సంకలనం చూశాను. ‘పోటూపాటూ’ పక్కన రచయితగా నా పేరుంది. దాని కింద, “చిత్రకారుడు తెలియదు” అని ఉంది.

వాళ్ల సంపాదకుడికి ఫోన్ చేశాను. “మీ పత్రికలో పేరు మీరు వేసిందే కదా మాస్టారూ. అసలు బొమ్మ మీద సంతకం చూపించండి, మళ్లీ వేసేటప్పుడు మార్చేస్తాం” అన్నాడు.

అసలు బొమ్మలు నా దగ్గరే ఉన్నాయి. బొమ్మలు గీసిన అట్టలన్నీ సంచిలో పెట్టుకుని బంటుమిల్లి బస్సెక్కాను. ఖాదర్‌గారు అప్పటికి అక్కడ కూతురింట్లో ఉంటున్నారు. సంగతంతా చెప్పి పెన్ను చేతికిచ్చాను.

“ఇప్పుడు పెడితే, అప్పుడే పెట్టానని చూపిస్తావు. అది దొంగ సంతకం అవుద్ది బావా.”

“మీ పేరే కదండీ, దొంగదెలా అవుద్ది?”

“పేరు నాదే. రోజు అది కాదుగా.”

“పెట్టండి నాన్నా, పాపం అంత దూరం నుంచి వచ్చారు” అంది కూతురు.

ఆయన నవ్వి పెన్ను తిరిగి నా జేబులో పెట్టేశారు. “నమ్మకపోతే వాళ్లనే రమ్మను. ఎదురుగా గీసి చూపిస్తా.”

ఆ మాట ఉన్నదున్నట్టు సంపాదకుడికి చెప్పాను. “చూద్దాం లెండి” అన్నాడు. ఎవరూ రాలేదు. ఆ వానాకాలంలోనే ఖాదర్‌గారు పోయారు. పలకరించడానికి వెళ్తే కూతురు, “విజయవాడ నుంచి బస్సొచ్చినప్పుడల్లా, వాళ్లొచ్చారేమో చూడమ్మా అనేవారండీ” అంది. సిరాబుడ్డి కూడా తెప్పించి పెట్టుకున్నారట. తర్వాత సంకలనం మళ్లీ అచ్చయింది. “చిత్రకారుడు తెలియదు” అన్న ముక్క అలాగే ఉంది.

ఈ వృత్తిలో నాకు తెలిసివచ్చింది ఒకటే. పేరు బొమ్మలోనే, గీసిన రోజే ఉండాలి. పక్కన ఎక్కడ వేసినా, తీసేసేవాడికి అడ్డం ఉండదు.

సంపాదకుడుగారూ, గీసి చూపిస్తానని మనిషి కూర్చుని ఎదురుచూస్తుంటే మీరెందుకు రాలేదు? జవాబు నాకివ్వకపోయినా సరే, బంటుమిల్లిలో ఆయన కూతురికి చెప్పండి.