ఓడెట్ మార్చిన టీ పరీక్ష

కెనడా తూర్పు తీరాన ఉన్న షిప్పగాన్‌లో ఓడెట్ షియాసన్ అడుగుపెట్టని ఇల్లు లేదు. పక్షవాతం వచ్చినవాళ్లకి, తుంటి విరిగినవాళ్లకి మళ్లీ చొక్కా తొడుక్కోవడం, కూర తరుక్కోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు ఆమె. ఇరవయ్యారేళ్ల సర్వీసు. ఎన్నో రేవులు తిరిగి ఈ తీరాన ఆగినవాణ్ణి నేను. ఇంత ధీమా గల చేతులు మరెక్కడా చూడలేదు.

ఆ ఏడాది ఆమెకి మరో పని అప్పగించారు. ఇంగ్లీషులో తయారైన ఒక శిక్షణ కోర్సును ఇక్కడి ఫ్రెంచి థెరపిస్టులకి తగ్గట్టు మార్చాలి. భాష మార్చడం నెలలో అయిపోయింది. చిక్కు టీ పరీక్ష దగ్గర వచ్చింది. రోగి తనకోసం ఒక కప్పు టీ పెట్టుకోవాలి. చెప్పినదానికన్నా ఎక్కువ చేస్తే, ఎక్కడ ఆగాలో తెలియడం లేదని మార్కులు కొట్టేస్తారు. మనిషి తన ఒక్కడికోసమే వండుకోవడం చరిత్రలో మొన్నమొన్నటి సంగతని ఎక్కడో చదివాను. ఆ పరీక్ష కాగితం రాసినవాళ్లు చదవలేదు కాబోలు.

మా పక్కింటి జెలికా అలాగే తప్పింది. ఎనభై మూడేళ్లు, చలికాలంలో పక్షవాతం వచ్చి కోలుకుంది. ఒక కప్పు పెట్టమంటే నాలుగు పెట్టి, పైగా కేకు కోసింది. రెండోసారీ తప్పితే ఇల్లు వదిలి వృద్ధుల నివాసానికి పోవాల్సిందే.

జెలికా ఇంట్లో రెండో పరీక్షకి కోర్సు కమిటీ నుంచి రేయల్ గొగెన్ వచ్చాడు. ఓడెట్ రాసిన మార్పు ఒప్పుకోవాలన్నా కాదనాలన్నా అతనే. కట్టెలు తెచ్చిన వంకతో నేనూ కూర్చున్నాను.

“పెద్దమ్మా, ఈసారి కాగితంలో ఉన్నట్టే, ఒక్క కప్పు,” అంది ఓడెట్.

“ఒక్కటా? నలుగురం ఉన్నాం. లెక్క మరిచింది నేనా, నువ్వా?”

“నేనే అనుకో. పెట్టు.”

“మీ అమ్మ బతికుంటే నీ చెవి మెలిపెట్టేది.”

జెలికా ఒక్క కప్పే పెట్టింది. తెచ్చి రేయల్ ముందుంచి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“అది మీకోసమండీ,” అన్నాడతను.

“నోరు మూసుకుని తాగు బాబూ, చల్లారిపోతుంది.”

“కాగితం ప్రకారం ఇదీ తప్పే,” అన్నాడు రేయల్, కప్పు వంక చూస్తూ.

ఓడెట్ గొంతు పెంచలేదు. “మావైపు, మనుషులు ఎదురుగా ఉండగా ఒక్కతే తాగిందంటే, అప్పుడు నేను తల స్కానింగుకి పంపిస్తాను. ఎందరికి పెట్టాలో రోగినే తేల్చుకోనివ్వండి. నేను మార్చింది ఆ ఒక్క వాక్యమే. నీళ్లు, పొయ్యి, పనుల వరస, అన్నిటి మార్కులూ అలాగే ఉంచాను.”

రేయల్ జెలికా వైపు తిరిగాడు. “అమ్మా, మీకు తోచినట్టు పెట్టండి.”

మరో మూడు కప్పులు వచ్చాయి. చుక్క ఒలకలేదు. పొయ్యి ఆర్పింది. రేయల్ కొత్త కాగితం మీద మార్కులు వేస్తూ పోయి, ఒకచోట ఒక్కటి తగ్గించాడు: పాలు బయటే వదిలేసింది.

“రెండో కప్పు అడుగుతారని ఉంచాను!” అంది జెలికా.

“ఆ మార్కు పోవాల్సిందే పెద్దమ్మా,” అంది ఓడెట్. “ఫ్రిజ్‌లో పెట్టు.”

గొణుక్కుంటూ పెట్టింది. ఇంట్లోనే ఉండవచ్చన్న కాగితం మీద రేయల్ సంతకం చేసేదాకా, చూస్తే మళ్లీ నింపేస్తానేమోనని, అతని ఖాళీ కప్పు వంక మాత్రం చూడలేదు.