బిస్మిల్లా బీ ఫోనుకొచ్చిన ఆరంకెలు

"ఆ పొద్దు నీ కూతురి సంబంధానికి కాగితాలు కావాల్సొచ్చె. ఈ పొద్దు నేనడిగితే తప్పొప్పులు గుర్తొచ్చెనా అత్తా?"

"గొంతు తగ్గించు నరేషూ. ఇది నా జిరాక్సంగడి, నీ ఆఫీసు కాదు."

కాలేజీ మానేసి తెచ్చుకున్న టీసీకి జిరాక్స్ తీయించుకుందామని వెళ్లి, అంగడి మెట్టు మీదే ఆగిపోయాను. లోపల వాళ్లిద్దరూ నన్ను చూడలేదు.

నరేష్ ప్రైవేట్ డిటెక్టివ్. ప్రొద్దుటూరులో ఎంక్వైరీ నరేష్ అంటేనే తెలుస్తుంది. బిస్మిల్లా బీ ఆ సందులో పద్దెనిమిదేళ్లుగా ఫారాలు నింపుతోంది. ఫోన్ లేని ఆడవాళ్లు ఆధార్ సెంటరుకు పోతుంటే తన నంబరే రాసిచ్చేది. అట్లా నలభై ఇళ్ల ఓటీపీలు ఆమె ఫోనుకే వస్తాయి. ఎవరైనా వీధిలోంచి కేకేస్తే, మిషన్ ఆపకుండానే అంకెలు చదివి చెబుతుంది. అందరూ దాన్ని ఉపకారమనే అనుకున్నారు, ఆమె కూడా.

ఆ నలభైలో సాజియా ఒకతి. జమ్మలమడుగులో మొగుణ్ని వదిలి, బిడ్డతో వేరే ఊరికి పోయి, ఇక్కడికొచ్చి బిస్మిల్లా బీ చేత ఆధార్ కార్డులో ఆ ఊరి అడ్రసు మార్పించుకుంది. మొగుడి దగ్గర ఆమె పాత కార్డు ఉంది. దాని నంబరు కొట్టి కొత్త అడ్రసున్న కార్డు తెరవాలంటే ఓటీపీ కావాలి. నరేష్ అంగడిలోనే నంబరు కొట్టాడు, ఆ ఆరంకెలు అప్పుడే బిస్మిల్లా బీ ఫోనులో పడ్డాయి. వాటికోసమే మొగుడి తరఫున వచ్చాడు.

"బిడ్డను చూసుకోవాలంటాండాడు అత్తా. తండ్రి కాదా?"

"కోర్టుకు పొమ్మను. జడ్జి అడిగితే చెప్తా. ఆ పిల్ల ఈడికొచ్చిన పొద్దు దవడ వాచి నోరు తెరవలేకపాయ. పేరు గూడా చీటీ మీద రాసి చూపించింది."

"మరి ఆ పొద్దు నీ కాబోయే అల్లుడికి రాజుపాలెంలో పెండ్లాముందని ఎట్ల తెలిసె? జిరాక్సుకొచ్చిన వాళ్లింటి రేషన్ కార్డు ఇంకో కాపీ తీసి నా చేతికిచ్చింది నువ్వు కాదా?"

ఆమె మిషన్ మూత తెరిచి, మళ్లీ మూసింది.

"ఇచ్చినా. నా కూతురు బతికిపాయ. అయినా తప్పే. నన్ను నమ్మి నా చేతికిచ్చిన కాగితమది."

నాకు నరేష్ మీద కోపం రాలేదు. అతను లేకపోతే ఆ కూతురు ఈపాటికి రాజుపాలెంలో సవతితో కాపురం చేస్తుండేది. ఆ నరేషే ఇప్పుడు సాజియా తలుపు దాకా మొగుణ్ని తీసుకుపోతాడు. అతనికి రెండూ ఒకే పని. అదే నాకు మింగుడుపడలేదు.

"నువ్వియ్యకుంటే నాకు ఇంకో దారి లేదనుకున్యావా?" అంటూ నరేష్ నన్ను తోసుకుని బయటికి పోయాడు. పోయి ఎదురుగా టీ అంగడి బెంచీ మీద, మా వైపే చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడు ఆమెకు నేను కనబడ్డాను. "ఎంతసేపాయ నిలబడి?"

"మొదట్నుంచీ."

"సిగ్గులేదా?"

"లేదత్తా."

ఆమె నవ్వలేదు. నా టీసీ తీసుకుని రెండు కాపీలు తీసింది. ఫోను బోర్లా పెట్టింది.

"మిగతా ఇండ్లకు నేను పోయి, ఎవరి నంబరు వాళ్లను ఎక్కించుకోమంటా. సాజియా కాడికి మాత్రం నేను పోకూడదు, వాడు ఎనకాలే వస్తాడు. నువ్వు సదువు మానుకోని ఊర్లు తిరుగుతాంటావు. యాడికి పోయినా ఎవురూ అడగరు. ఆ పిల్లను సెంటరుకు తోడకపోయి నా నంబరు తీసేయించు అబ్బయ్యా. ఊరి పేరు చెవిలో చెప్తా. ఫోన్లో రాసుకోవాకు. పోయొచ్చినాక మర్చిపో."