మరమనిషి అదనంగా అన్న మాట

సినిమాలకి గొంతు అరువిచ్చి బతికిన మనిషి ఆయన. వీధిలో అందరికీ డబ్బింగ్ తాతయ్య. ముప్పై ఏళ్లు మైకు ముందు నిలబడి పోలీసుల్ని, డాక్టర్లని, దొంగల్ని మాట్లాడించాడు. ఎనిమిదేళ్ల కిందట గొంతుకి ఆపరేషన్ జరిగింది. ప్రాణం దక్కింది గానీ గొంతు పోయింది. ఇప్పుడాయన మాట్లాడితే ఊపిరి తప్ప శబ్దం రాదు. ఏడేళ్ల మనవరాలు ఆయన గొంతు ఒక్కసారీ వినలేదు. ఆయనకున్న దిగులల్లా అదే.

అందుకే తను మరమనిషికి గొంతిచ్చిన పాత సినిమా సరికొత్త శబ్దంతో మళ్లీ వస్తోందని తెలియగానే మూడు టిక్కెట్లు తెప్పించాడు. మిగతా సినిమాలు ఎక్కడున్నాయో ఎవరికీ తెలీదు. ఇదొక్కటే మిగిలింది.

భవిష్యత్తు నుంచి వచ్చిన మరమనిషి ఒక చిన్నపిల్లని కాపాడే కథ అది. బోలెడు తుపాకులు, అంతకు మించి పేలుళ్లు. "భావం ఉండకూడదు. రైల్వే స్టేషన్ మైకులో చెప్పినట్టు చెప్పాలి" అని మాటల రచయిత ముందే హెచ్చరించాడు. ఈయన సినిమా అంతా అలాగే లాక్కొచ్చాడు. చివర్లో పిల్లని నేలమాళిగలో దాచి, శత్రువులకి ఎదురెళ్తూ మరమనిషి "తలుపేసుకో" అనాలి. రోజూ పనికి బయల్దేరుతూ ఇంట్లో కూతురికి చెప్పే మాట నోటికి అలవాటై, "తలుపేసుకో తల్లీ" అనేశాడు.

"మరమనిషికి కూతురెక్కడిదయ్యా?" అని రచయిత నెత్తి కొట్టుకున్నాడు. మరమనిషికి పెదవులుండవు గనక తెర మీద తేడా తెలియదు. స్టూడియో టైము కూడా అయిపోయింది. సరేలెమ్మని వదిలేశారు. తీరా చూస్తే జనం ఏడ్చింది అక్కడే. ఆ మాట కావాలనే రాశానని రచయిత ఊరంతా చెప్పుకున్నాడు. ఎంతైనా రచయిత కదా!

ఆదివారం ఉదయం ఆటకి కూతురు, మనవరాలు ఆయనకి చెరో పక్కా కూర్చున్నారు. "తాతయ్యా, నువ్వెక్కడ కనిపిస్తావ్?" అంది పిల్ల.

"కనిపించను. వినిపిస్తా" అన్నాడు దాని చెవిలో, గుసగుసగా.

మరమనిషి మొదటి మాటకే ఆయన గుండె జారిపోయింది. కొత్త శబ్దమంటే మోత పెంచుతారనుకున్నాడు. గొంతులే మార్చేశారు. ఎవరో కొత్తాయన శుభ్రంగా చెబుతున్నాడు. వంక పెట్టడానికి లేకపోవడంతో మరీ ఒళ్లు మండింది.

"ఇదేనా నీ గొంతు?" అని పిల్ల చెవిలో అడిగింది. ఔనంటే పోయేదేముంది, ఎవరికి తెలుస్తుంది? అయినా నోరు రాలేదు. కాదని తలాడించాడు. లేచి వెళ్లిపోబోతే కూతురు మోచెయ్యి పట్టుకుంది.

"కూర్చో నాన్నా, పిల్ల చూస్తోంది."

చివరికి నేలమాళిగ వచ్చింది. "తలుపేసుకో" అని కొత్త గొంతు టక్కున ఆగింది.

"తల్లీ" అన్నాడు వెనక వరసలో ఓ బట్టతలాయన.

ఆయన పక్కనున్నామె కూడా అంది. తర్వాత హాలు హాలంతా అంది. అందరూ చిన్నప్పుడు ఈ సినిమా చూసినవాళ్లే. అందరికన్నా గట్టిగా అన్నది డబ్బింగ్ తాతయ్య కూతురు. ఏడుస్తూనే అంది. ముసలాయనకి కళ్లు తుడుచుకోవాలని కూడా తోచలేదు.

దీపాలు వెలిగాక మనవరాలు ఆయన చొక్కా లాగింది. "అందరూ అన్నారు, నువ్వనలేదేం తాతయ్యా?"

ఆయన వంగి దాని చెవి దగ్గర నోరు పెట్టాడు.

"అన్నానమ్మా. నీకు వినపడలేదంతే."